రాజోలు దారిలో ఎవరిదీ కాని బావి

బెజవాడలో నరసాపురం పాసింజరు ఉదయం ఆరున్నరకి బయలుదేరాలి. ఆ శుక్రవారం ఏడుంబావుకి కదిలింది. నా సంచిలో రెండు జతల బట్టలు, హెడ్మాస్టరుగారికి చెప్పి స్కూలు లేబరేటరీ నుంచి తెచ్చుకున్న గాజు గరాటు, వెడల్పు మూతి సీసాలు రెండు ఉన్నాయి. మా అక్క రాసిన ఉత్తరం కూడా ఉంది. దాన్ని అప్పటికి నాలుగుసార్లు చదివాను.

"శనివారం జిల్లా ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరుగారు బావి చూడ్డానికి వస్తున్నారు. మీ బావగారికి ఆఫీసర్లతో మాట్లాడడం చేతకాదు. నువ్వు పిల్లలకి సైన్సు చెప్పేదానివి, ఇంగ్లీషు తెలిసినదానివి. ఎలాగైనా రా. పొయ్యి వెలిగించి నాలుగు నెలలయింది."

బావి అంటే మంచినీళ్ళ బావి అనుకునేరు. ఎనభైల మొదట్లో కోనసీమలో ఎక్కడ చూసినా చమురు కోసం, గ్యాసు కోసం తవ్వకాలే. మా బావగారి కొబ్బరితోటలో కూడా అరెకరం తీసుకున్నారు. తాటిచెట్టుకి మూడింతల ఎత్తున ఇనప గోపురం నిలబెట్టి, ఆరు నెలలు రాత్రీపగలూ భూమిని తొలిచారు. గ్యాసు పడిందిగాని ఖర్చుకి సరిపడా లేదన్నారు. గొట్టంలో సిమెంటు పోశారు, పైన ఇనప పలక అతికించి నంబరు రాశారు, లారీలెక్కి వెళ్ళిపోయారు. అరెకరం తిరిగి ఇచ్చినట్టు తాలూకా ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. అంతటితో అందరూ చేతులు దులుపుకున్నారు. భూమి మాత్రం గ్యాసు వదలడం మానలేదు.

గుడివాడలో ఎనిమిదిన్నర దాటాక బండి ఇరవై నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలు వేడిగా ఉంటాయి, చట్నీలో నీళ్ళు ఎక్కువ. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే ఏదైనా కట్టుకుని రావడం మంచిది. ఆకివీడు దాటాక ఎదురు బల్ల మీద కొబ్బరితాళ్ళ వర్తకుడొకాయన కూర్చున్నాడు. సీసాలు చూసి, "తేనె కోసమా అండీ?" అన్నాడు. గ్యాసు కోసమని చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మా ఊళ్ళోనూ ఓటుందండి. సిమెంటు అరుగు శుభ్రంగా ఉందని మావోళ్ళు దాని మీద ధాన్యం ఆరబోసుకుంటన్నారు. చుట్ట కాల్చొద్దని చెప్పినోళ్ళు లేరండి."

"ఎవరూ వచ్చి చూడరా?"

"ఎవరొత్తారండి? తవ్వినప్పుడు జీపులే జీపులు. ఇప్పుడు సైకిలు మీద కూడా ఎవరూ రారు."

ఆ మాటతో ఒళ్ళు మండడం మొదలైంది. అది ఇంకా తగ్గలేదు. తెలియనివాళ్ళ కోసం ఇక్కడే చెబుతాను. తవ్వడానికి అనుమతి ఢిల్లీ నుంచి వస్తుంది. భూమి తీసుకుని ఇచ్చేది రాష్ట్రం. తిరిగి రైతుకి అప్పగించేది తాలూకా ఆఫీసు. వదిలేసిన తర్వాత ఆ బావి ఎలా ఉందో ఏటేటా వచ్చి చూడాల్సిందెవరు? దీనికోసం బావగారు ఏడాదిగా తిరుగుతున్నారు. రాజోలు వాళ్ళు అమలాపురం పొమ్మన్నారు, అమలాపురం వాళ్ళు కాకినాడ పొమ్మన్నారు, కాకినాడలో ఇది మా సబ్జెక్టు కాదన్నారు. సబ్జెక్టు! మనిషి ఇంటి వెనక మంట లేస్తుంటే అది స్కూల్లో పిల్లలు మార్కులు తెచ్చుకునే విషయమైనట్టు.

నరసాపురం చేరేసరికి ఒంటిగంట. స్టేషను నుంచి రేవుకి రిక్షా రెండు రూపాయలు. రేవు దగ్గర హోటల్లో భోజనం బాగుంటుంది, పప్పులో మామిడికాయ వేస్తారు. వశిష్ఠ దాటడానికి పంటు ఎక్కాను. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన ఆ పంటు మీద ఒక జీపు, రెండు గేదెలు, బియ్యం బస్తాలు, మేమంతా సర్దుకున్నాం. మార్చి ఎండకి నది మీద గాలి హాయిగా ఉంది. అవతల సఖినేటిపల్లి రేవులో రాజోలు బస్సు సిద్ధంగా ఉంది. ఊరి పేరు చెప్పి టిక్కెట్టు అడిగితే కండక్టరు, "బావి స్టేజీయా అండీ?" అన్నాడు. అప్పటికి ఆ స్టాపుకి అదే పేరు స్థిరపడిపోయిందట. జిల్లా ఆఫీసుకి తెలియని బావి బస్సు కండక్టరుకి తెలుసు! ఊరి అసలు పేరు నేనూ రాయను. బావగారు చిన్నబుచ్చుకుంటారు.

మూడున్నరకి ఇంటికి చేరాను. అక్క కాళ్ళకి నీళ్ళిచ్చింది, కాఫీ మాత్రం ఇవ్వలేదు. "ఉండు, సత్యవతిగారు పంపుతారు" అంది. సత్యవతిగారిది కాలవకి అవతలి ఇల్లు. మధ్యలో రెండు తాటిదుంగల వంతెన. నాలుగు నెలలుగా రెండు పూటలా అన్నం, కూర, చారు, స్నానానికి వేడినీళ్ళు కూడా ఆ దుంగల మీదుగానే ఇవతలికి వస్తున్నాయి. అక్క కట్టెలు, కొబ్బరిమట్టలు, బియ్యం పట్టుకెళ్ళి అక్కడ వండుకుని తెచ్చుకుంటుంది. సత్యవతిగారు ఒక్కనాడు కూడా ముఖం చిట్లించలేదు. అదే అక్కకి మరీ కష్టంగా ఉంది.

"ఆవిడ విసుక్కున్నా బావుండేది బుజ్జీ. ఎవరింట్లోనో పొయ్యి ముందు కూచుని, ఉప్పు డబ్బా ఎక్కడుందండీ అని అడగాల్సొస్తంది, ఈ వయసులో."

పెరట్లో వంటపాక ఉంది. దాని వెనక ముప్పై గజాల దూరంలో సిమెంటు అరుగు, మధ్యలో నంబరు రాసిన పలక. అరుగు పక్కనే ఒక గుంట. ఇక్కడ కొబ్బరి డొక్కల్ని పీచు కోసం నెలల తరబడి ఇలాంటి గుంటల్లో నానబెడతారు. అవి కుళ్ళి బుడగలు వస్తాయి, కంపు కొడతాయి. కిందటేడు వచ్చిన ఒక ఇన్‌స్పెక్టరు ఆ బుడగలు చూసి, డొక్కలు కుళ్ళితే గ్యాసు రాదా అని ఎగతాళి చేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక పొద్దున్న అక్క పెరడు ఊడ్చి ఎండుకమ్మలు అంటిస్తే, నిప్పురవ్వ ఎగిరి గుంట నీళ్ళ మీద నీలం మంట పరుచుకుంది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కమిలింది. మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అగ్గిపుల్ల గియ్యలేదు, దేవుడి దగ్గర దీపం కూడా లేదు.

అప్పుడు బావగారు ఒక మంచి పని చేశారు. గుంటలో డొక్కలన్నీ తీయించి, బురద తోడించి, కాలవ నుంచి మంచినీళ్ళు పెట్టించారు. అడుగు కనిపించేంత తేట నీళ్ళు. అయినా బుడగలు ఆగలేదు. అరుగు అంచు కింద నుంచి గొలుసులాగా వరసగా పైకి వస్తూనే ఉన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ సాయంత్రం నేను గరాటు బోర్లించి రెండు సీసాల నిండా ఆ గ్యాసు పట్టి మూతలు బిగించాను. కిరసనాయిలు వాసన లీలగా తెలుస్తోంది. "రేపు ఆఫీసరుగారిని ఈ గట్టు మీద నిలబెట్టి చూపిస్తే చాలు, బావగారూ. ఆయన రాసి వెళితే మళ్ళీ వచ్చి బావి సరిగ్గా మూయక తప్పదు" అన్నాను. "ఆయ్" అన్నారు బావగారు. అక్క ఆ రాత్రి చాలా రోజుల తర్వాత పాత చీరల కబుర్లు చెప్పింది.

శనివారం ఉదయం ఏడింటికి అక్కా నేనూ వంటకి సత్యవతిగారింటికి వెళ్ళాం. ఆఫీసరుగారికి పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, కోడి పులుసు చెయ్యాలని బావగారి ఆజ్ఞ. పదింటికి ఏదో గిన్నె కోసం నేను ఇవతలికి వచ్చాను. పెరట్లోకి చూశాను.

గుంట లేదు. నలుగురు కూలీలు రెండు బళ్ళ ఇసక పోసి, దాన్ని పూడ్చి, నీళ్ళు చల్లి, దిమ్మిస చేసి చదును చేశారు. దాని మీద పాలేరు పెళ్ళాం ముగ్గు కూడా వేసింది. జీపు ఆగే చోటు నుంచి అరుగు దాకా కొబ్బరాకు తడికలు పరిచి ఉన్నాయి. బావగారు తలపాగా చుట్టుకుని, తృప్తిగా ముగ్గు వైపు చూస్తున్నారు.

"ఏం చేశారు బావగారూ!"

"అదేటమ్మా, అంత పెద్దాయన మనింటికొత్తంటే మురుగ్గుంట చూపిత్తామా? కాలు జారితే? పైగా ఆ పక్కనే గదా భోజనం. ఆ వాసనకి ముద్ద దిగుద్దా ఆయనకి?"

"ఆయన వస్తున్నదే ఆ గుంట చూడ్డానికి!"

బావగారు నా వైపు జాలిగా చూశారు. "చూడ్డానికి బావుందిగదమ్మా. నోటితో చెబుదాం. మర్యాదగా చెబితే వినరా?"

నేను నెత్తి కొట్టుకున్నాను. గోదావరి జిల్లాల మర్యాద గురించి నలుగురూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. ఆ పూట మాత్రం దాన్ని గోనెసంచిలో కట్టి వశిష్ఠలో పారెయ్యాలనిపించింది. మళ్ళీ తవ్వించమని బతిమాలాను. కూలీలు అప్పటికే చద్దన్నాలకి వెళ్ళిపోయారు. నేనే పార పట్టుకుని రెండు తట్టల ఇసక తీశాను. బావగారు చాలా నొచ్చుకుంటూ నా చేతిలోంచి పార తీసుకుని, ముగ్గు చెరిగిన చోట మళ్ళీ చేత్తో సర్దారు.

ఆఫీసరుగారు పదకొండుకి రావాలి, పన్నెండు నలభైకి వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. నిమ్మళంగా, తీయగా మాట్లాడే మనిషి. జీపు దిగగానే గంగాబొండం ఇచ్చారు. అది తాగి "ముందు భోజనం కానిద్దామా" అని ఆయనే అడిగారు. ముందు బావి చూద్దాం అన్నాను నేను. "ఎండ తగ్గనీ అమ్మాయ్, ఎక్కడికి పోద్ది బావి" అన్నారు బావగారు. రెండింటి దాకా విస్తరి ముందు నుంచి లేవలేదు. అక్క కొసరి కొసరి వడ్డించింది. పూతరేకులు వచ్చాయి. ఇలాంటి చేతివంట ఈ మధ్య తినలేదని ఆయన అక్కని మెచ్చుకున్నారు. ఆ వంట ఎక్కడ చేశారో చెప్పబోతే, బావగారు కళ్ళతో వారించారు. తినే మనిషి ముందు కష్టాలు చెప్పకూడదట.

రెండున్నరకి పెరట్లోకి వచ్చారు. తడికల మీద నడిచి, పలక మీద నంబరు కాగితంలో రాసుకుని, "శుభ్రంగా ఉందే" అన్నారు. నేను సీసా పట్టుకెళ్ళి కాలవ గట్టున మూత తీసి అగ్గిపుల్ల చూపించాను. గుప్పున నీలం మంట లేచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, కాసేపటికి తేరుకున్నారు.

"ఇది ఎక్కడ పట్టేరండి?"

"ఇక్కడే, నిన్న సాయంత్రం, ఈ గుంటలో."

"గుంట ఎక్కడుందండి?"

రెండు బిందెల నీళ్ళు తెచ్చి ఇసక మీద కుమ్మరించాను. అరుగు అంచు వెంట బుడబుడమని బుడగలు లేచాయి. "చూడండి!" అని అరిచాను. ఆయన చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"టీచరుగారూ, కొత్తగా పోసిన ఇసకలో నీళ్ళు పోస్తే గాలి రాదా? మీకు తెలియంది కాదు."

నిజమే, వస్తుంది. ఆరో తరగతి పాఠం. నేనే చెబుతాను ఆ పాఠం. అక్క వంటపాక గుమ్మంలో నిలబడి ఉంది. కమిలిన చెయ్యి కొంగు కింద దాచుకుంది. ఆ చెయ్యి చూపించవే అన్నాను. మగవాళ్ళ ముందు సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నేను అక్కతో కలిసి గిన్నెలు సత్యవతిగారింటికి చేరవేస్తున్నాను. ఆ పది నిమిషాల్లో వీధరుగు మీద బావగారు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఇంగ్లీషు కాగితం. చదివించుకోలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్న మనిషి సంతకం అడిగితే, ముందు మా మరదలు చదవాలి అంటారా ఎవరైనా?

నేను ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాను. ఆఫీసరుగారు తనకీ నరసాపురంలో పని ఉందని, జీపులో రేవు దాకా దింపుతానన్నారు. నాలుగున్నరకి జీపుతో సహా పంటు ఎక్కాం. ఒడ్డు వదిలాక ఆయన ఫైలు విప్పి, "మీరు ఇంగ్లీషు తెలిసినవారు గదా, స్పెల్లింగులు ఓసారి చూస్తారా" అని మురిపెంగా అందించారు.

స్పెల్లింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందులో రాసిన సంగతి ఇది: బావి పలక పటిష్ఠంగా ఉంది. గ్యాసు కారుతున్న దాఖలా లేదు. పక్కనున్న గుంటను భూమి యజమాని తనంతట తానుగా పూడ్చి, బావి పరిసరాలను తన స్వాధీనంలోకి తీసుకుని చక్కగా నిర్వహిస్తున్నాడు. ఇకమీదట దాని బాగోగులకు ఆయనే బాధ్యుడు. కింద మా బావగారి సంతకం, గుండ్రంగా, పద్దెనిమిదేళ్ళ కిందట నా పెళ్ళి శుభలేఖల మీద ఎంత ఓపిగ్గా పేర్లు రాశారో అంత ఓపిగ్గా.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరో తవ్వి వదిలేసిన బావిని ఆయనకి అంటగట్టారా?"

"అంటగట్టడమేంటండీ? ఎవరో ఒకరు ఉండాలి గదా. నా రిజిస్టర్లో నడిచే బావులకి ఒక పేజీ ఉంది, తిరిగిచ్చిన భూములకి ఒక పేజీ ఉంది. వదిలేసిన బావులకి పేజీ లేదు. నన్నేం చెయ్యమంటారు?"

"పేజీ కావాలని పైకి రాయండి."

"అలా రాసే అధికారం నాది కాదండి."

"మీరివాళ తిన్న అన్నం ఎక్కడ వండారో తెలుసా?" అని అడిగాను. మొత్తం చెప్పాను, తాటిదుంగలు, సత్యవతిగారి ఉప్పు డబ్బా, కమిలిన చెయ్యి, అన్నీ. పంటు మీద జనమంతా విన్నారు. చేపలబుట్ట పెట్టుకున్న ఒకావిడ, "తిన్నింటికే ఎసరెట్టేరా బాబూ" అని పైకే అంది. ఆయన ముఖం పాలిపోయింది. చెడ్డవాడని నేను అనను. కాని ఫైలు మాత్రం తీసుకుని తాడు కట్టేసుకున్నారు. "సంతకం అయిపోయిందండి. యజమాని అభ్యంతరం రాతపూర్వకంగా పంపితే జతచేస్తాను" అన్నారు. ఇంత పెద్ద ప్రభుత్వం, ఇన్ని ఆఫీసులు, ఇన్ని జీపులు! అన్నీ కలిసి చివరికి ఒక రైతు మంచితనాన్ని సాకు చేసుకుని బయటపడ్డాయి.

నరసాపురం రేవులో ఆయన జీపు ఒడ్డెక్కింది. నేను దిగలేదు. అదే పంటు మీద మళ్ళీ టిక్కెట్టు తీసుకుని వెనక్కి వచ్చాను. దీపాలవేళకి ఇల్లు చేరాను. ఆ ఇంట్లో దీపాలు లేవు, బావగారు టార్చిలైటు పట్టుకుని ఎదురొచ్చారు. చెప్పింది విని టార్చిలైటు ఆర్పేశారు.

"మనింట్లో తిన్నాడమ్మా" అన్నారు. "తిన్నాక రాసేడా, ముందే రాసి తెచ్చేడా?"

"తిన్నాకే, బావగారూ."

అక్క మాత్రం ఏడవలేదు. కోపం కూడా చూపించలేదు. "పోనీలెండి, రేపటి కూరకి సత్యవతిగారింట్లో వంకాయలున్నాయి" అంది. అది విని బావగారు లేచి వీధరుగు మీదకి వెళ్ళిపోయారు.

ఆదివారం తెల్లారి లేచేసరికి పెరట్లో పార చప్పుడు. బావగారు ఒక్కరే గోచీ బిగించి ఇసక తవ్విపోస్తున్నారు. సాయానికి వెళ్ళబోతే వద్దన్నారు. తొమ్మిదింటికి గుంట తేలింది, కాలవ నీళ్ళు పెట్టారు, పది నిమిషాల్లో బుడగలు వరస కట్టాయి. స్నానం చేసి, తెల్లకాగితం తీసుకుని, గంటసేపు రాశారు. రాసి, అంటించకుండా, కవరుతో సహా నాకిచ్చారు. "తప్పులుంటే దిద్ది, బెజవాడలో రిజిస్టరు పోస్టు చెయ్యమ్మా. ఇక్కడి పోస్టాఫీసులో వేస్తే ఊరంతా తెలుస్తుంది, మాటపడతాం" అన్నారు.

రెండింటి పంటుకి వశిష్ఠ దాటాను, మూడున్నర పాసింజరు దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే. కోనసీమ చూడండి, కాలవల వెంట నడవండి, ఎవరింటికి వెళ్ళినా కడుపునిండా పెడతారు. తోటలో నంబరు రాసిన ఇనప పలక కనిపిస్తే అక్కడ బీడీ ముట్టించకండి. ఆ ఊరి నుంచి తిరిగొచ్చాక, అది ఎవరి బాధ్యతో అడుగుతూ జిల్లా ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. వంద కార్డులు వస్తేనైనా ఆ రిజిస్టర్లో ఒక పేజీ పెడతారేమో.

భీమవరం దాటాక ఉత్తరం తీసి చదివాను. దిద్దడానికి పెన్ను కూడా తీశాను. ఆ సంతకం తెలియక పెట్టానని, బావి నాది కాదని, నేను తవ్వమనలేదు, వదిలెయ్యమనలేదు అని రాశారు. ఆడమనిషి చెయ్యి కాలిందని రాశారు. ఎక్కడా పరుషమైన మాట లేదు, ప్రతి వాక్యానికీ "తమరు" ఉంది, "మనవి" ఉంది. చివర మాత్రం ఇలా ఉంది:

"తమరు మరల దయచేయవలెను. గుంట తవ్వి ఉంచినాను. ఎండయినను, వానయినను, తమరు వచ్చి దానిని చూచువరకు పూడ్చను. అయితే ఈసారి తమరికి మా ఇంట భోజనం పెట్టజాలను."

మా బావగారు పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఏ మనిషికీ అని ఉండరు. నేను పెన్ను మూసేసి, కవరు అంటించాను.